తూటాలో బూరుగు దూది

ఆ ఏడు చలికాలమంతా నేను పలచని దిండు మీద పడుకున్నాను. ఇప్పటికీ నా మెడ ఎడమ పక్కకి పూర్తిగా తిరగదు. డాక్టరు వయసు అన్నాడు. ఔనన్నాను. వయసు అనే మాటలో చాలా విషయాలు ఇమిడిపోతాయి, విడదీసి చెప్పే ఓపిక ఎవరికుంది?

మొదలైంది మే నెల రెండో శనివారం, మా దేశంలో చలికాలం అడుగుపెట్టే రోజులు. వేటకాలానికి ముందు మా ఆయన లౌరెన్స్ తన పెద్ద తుపాకీని ఇంటి వెనక ఎండిన వాగులో కాల్చి చూసుకుంటాడు. అడవిదున్నల కోసం చేసిన తుపాకీ అది. దాని తూటా నా చూపుడువేలి కంటే పొడుగు, బొటనవేలంత లావు. ఆ తూటాలు ముప్పై ఏళ్ళుగా తయారుచేసేది నేనే. పెళ్ళయిన రెండో ఏడు అతను చెయ్యి విరగ్గొట్టుకుంటే కొన్నాళ్ళు చేసిపెడదామని నేర్చుకున్నాను. చెయ్యి అతుక్కుంది, పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అంతకు ముందు సెప్టెంబరులో అతని కుడిభుజానికి ఆపరేషన్ అయింది. ఆ తరవాత తుపాకీ పట్టడం అదే మొదలు. ఇసుక సంచుల మీద గొట్టం ఆనించి రెండుసార్లు కాల్చాడు. యాభై అడుగుల దూరంలో ఉన్న గురికాగితానికి ఎడంగా, ఓ పక్కన రిసిమాటి నిలబడి, పేలిన ప్రతిసారీ వెళ్ళి చూసి వస్తున్నాడు. జాడలు పట్టడంలో ఈ మొపానీ చెట్ల అడవి మొత్తంలో రిసిమాటిని మించినవాడు లేడు. లౌరెన్స్‌తో కలిసి ముసలివాడయ్యాడు.

మూడోసారి లౌరెన్స్ మీట నొక్కాడు. టక్కుమంది, అంతే. లోపల తూటా లేదు. రెండే వేసి మూడనుకున్నట్టున్నాడు. కానీ మీట నొక్కిన క్షణంలో గొట్టం కొస జానెడు కిందికి పడింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భుజం తనంతట తను ముందుకి తోసుకుంది.

పేలని తుపాకీ అతన్ని తన్నింది.

రిసిమాటి తల పైకెత్తి ఆకాశంలో ఏదో గద్దని వెతికాడు. గద్దేమీ లేదు. నేను వంగి, కింద పడని చేతిరుమాలు తీసుకున్నాను.

"ఖాళీగా ఉన్నట్టుంది," అన్నాడు లౌరెన్స్. "కాఫీ తాగుదాం పదండి."

అతనికి తెలియదని నేను అనుకోలేకపోయాను. డబ్బిచ్చి వేటకొచ్చే అతిథులకి, తుపాకీ తన్నకముందే అదిరే ఈ జబ్బుందో లేదో కనిపెట్టడానికి వాళ్ళకి తెలియకుండా ఖాళీ తుపాకీ చేతికిచ్చి చూసేవాడు అతనే. గొట్టం కొస కిందికి పడితే, సాయంత్రం నాతో నవ్వుతూ చెప్పేవాడు. "ఈయన జేబులో ధైర్యం ఉంది గాని భుజంలో లేదు పిల్లా." కొందరు తుపాకీమందు తగ్గించిన తేలిక తూటాలతో మళ్ళీ అలవాటు చేసుకుంటారు. వాళ్ళ మీద క్లబ్బులో అతను వేసిన జోకు ఇరవై ఏళ్ళుగా తిరుగుతోంది. "ఆ తూటా తగిలితే దున్నకి జలుబు కూడా చెయ్యదు."

అందుకే ఆ రోజు ముగ్గురం కాఫీలో ఎండు రొట్టె ముంచుకుంటూ వానల గురించి మాట్లాడుకున్నాం. వానలు అప్పటికి రెండు నెలలుగా లేవు.

*

సోమవారం మాంసం ఎండబెట్టే గదిలో నేను ముక్కలు కోస్తుంటే రిసిమాటి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"జూలై ఆఖర్లో ఆ జర్మన్ ఆయన వస్తాడు కదమ్మా, దున్న కోసం."

"వస్తాడు."

"ఆయన కాలుస్తాడు. తగలాల్సిన చోట తగలదు. ఎప్పుడూ తగలదు. తరవాత తుప్పల్లోకి వెళ్ళేది పెద్దాయనా నేనూ. నా చేతిలో కర్ర ఉంటుంది." తన అరచేతులు చూసుకున్నాడు. "ఇదివరకు నేను చెట్టు బాగా ఎక్కేవాణ్ణి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చెట్టు నన్ను ఎక్కించుకోవాలి."

నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

"ఏం చెయ్యమంటావు రిసిమాటి? మానెయ్యమని నేను చెప్పలేను. నువ్వు చెప్పగలవా?"

"నేనెందుకు చెప్తానమ్మా? ఆయన తూటాలు చేసేది మీరేగా."

అంతే అని లేచి వెళ్ళిపోయాడు. అతను ఏ జాడ చూపించినా అంతే, కర్రతో నేల మీద ఒక్కసారి తట్టి పక్కకి తప్పుకుంటాడు. మిగతాది మనం చూసుకోవాలి.

వంటింటి పక్క కొట్టుగదిలో నా బల్ల ఉంది. దాని మీద చేతిమీట ఉన్న యంత్రం, చిన్న త్రాసు, రంధ్రాల చెక్క. ఆ చెక్కలో యాభై ఇత్తడి తొడుగులు నోళ్ళు తెరుచుకుని నిలబడతాయి. పెద్ద తొడుగులో మందు తక్కువ పోస్తే ఒక చిక్కుంది. మందు అడుగున నిలవదు, అటూ ఇటూ దొర్లుతుంది. తుపాకీ కిందికి వంచితే నిప్పురవ్వకి దూరంగా జారిపోతుంది. అందుకని మందు మీద చిటికెడు బూరుగు దూది పెట్టి, పెన్సిలుతో మెల్లగా నొక్కి, ఆ తరవాతే గుండు బిగించాలి.

ఇంట్లో బూరుగు దూది ఒక్కచోటే ఉంది. మా అమ్మ నా పెళ్ళికి కుట్టి ఇచ్చిన రెండు దిళ్ళలో. నా దిండు కొసన రెండు కుట్లు విప్పాను.

చెప్పి చేస్తే ఏం పోయింది అని ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. తేలికవని తెలిస్తే భుజం నమ్మదు. మామూలు తూటా అనుకుని కాల్చి, నొప్పి రాకపోతేనే అది మెల్లగా భయం మర్చిపోతుంది. వారం వారం కొద్దికొద్దిగా మందు పెంచుకుంటూ పోతే, జూలై ఆఖరుకి అసలు తూటా దగ్గరికి చేరుకుంటాం. అప్పట్లో నాకు నేను చెప్పుకున్న కారణం అదే, అబద్ధం కూడా కాదు. కానీ ఇంకోటి ఉంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతని గురించి అతనికి తెలియనిది నా చేతిలో ఉంది. త్రాసులో మందు తూస్తున్నప్పుడు నా చేతులు ఎంత నెమ్మదిగా, ఎంత ఇష్టంగా కదిలేవో నాకు గుర్తుంది. జాలిలో కూడా ఒక పెత్తనం ఉంటుంది. అది నాకు తీపిగానే ఉంది.

భుజానికి ఆనే తుపాకీ మడమకి కొత్త రబ్బరు ముక్క వేయించి, "తన్ను సగానికి సగం తగ్గుతుందట," అన్నాను. అట్టపెట్టె మీద ఎప్పటి చీటీయే అంటించాను. కిందటేడు చేసిన అసలు తూటాలు ఇనప బీరువాలో పసుపు డబ్బాలో ఉన్నాయి. బీరువా తాళం అతని జేబులో ఉంటుంది.

*

మొదటి శనివారం పది కాల్చాడు. చప్పుడు మెత్తగా ఉంది. చెవులకి రక్షణ తొడుగులు ఉన్నాయి కనక, వినికిడి అసలే తగ్గింది కనక, తెలియదనుకున్నాను. ఆరో తూటాకి గొట్టం కొస నిలకడగా ఉంది. పదో తూటాకి భుజం కూడా.

ప్రతి పేలుడుకీ గొట్టం ముందు తెల్లని నూగు గాల్లో లేచి, ఎండు గడ్డి మీద వాలేది. నేను అది ఆలోచించలేదు. ఇసుక సంచుల ముందు నేలంతా ఎవరో కోడి ఈకలు పీకినట్టుంది. రిసిమాటి కాగితం తెస్తున్నవాడల్లా ఆగి, చెప్పులో ముల్లు గుచ్చుకున్నట్టు కాలు విదిలించి, ఆ దూదిని ఇసుకలోకి తొక్కేశాడు. తరవాత ప్రతి శనివారం అతని కాలికి ముళ్ళు గుచ్చుకుంటూనే ఉన్నాయి.

లౌరెన్స్ కాగితం చూశాడు. పది రంధ్రాలు పిడికెడు చోటులో, నల్లచుక్కకి నాలుగు వేళ్ళు కింద.

"కిందికి పోతున్నాయి," అన్నాడు.

మందు తగ్గితే గుండు కిందికి పోతుంది. అది చెప్పలేను కదా.

"నువ్వే కిందికి లాగుతున్నావు. ఇంకా అదురుతోంది చెయ్యి. నెమ్మది మీద కుదురుతుందిలే," అన్నాను.

చేతిలో కాగితం పట్టుకుని నా వైపు కొంచెంసేపు చూశాడు. నా అబద్ధం నిలబడడానికి అతని చేతినే తప్పుపట్టాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! అతను కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గుండు పైకి తగిలేలా తుపాకీ గురి సరిచేస్తాడనుకున్నాను. ముట్టుకోలేదు.

జూన్ గడిచింది. పొద్దున్నే బకెట్ల మీద మంచు పెంకు కట్టేది. శనివారం కాల్చడం అయ్యాక, వచ్చే వారానికి నడుముపట్టీలో పది కొత్త తూటాలు పెట్టేదాన్ని. మధ్యాహ్నాలు జింకల వేటకొచ్చిన అతిథులకి వండడం, సాయంత్రాలు బల్ల దగ్గర కూర్చోవడం. అలిసిపోయాను. తక్కువ మందుతో ఉన్న ప్రమాదం అలిసినప్పుడే ఎదురవుతుంది. తొడుగులో సగం ఖాళీగా ఉంటుంది కాబట్టి పొరపాటున ఒకేదాంట్లో రెండుసార్లు పోసినా పొంగిపొర్లదు, తెలియదు. అలాంటిది పేలితే తుపాకీ చీలి మనిషి మొహంలోకి వస్తుంది. అందుకని గుండు బిగించే ముందు చెక్క మీద టార్చి వేసి ఒక్కొక్క నోట్లోకి తొంగి చూడాలి. ఒక సాయంత్రం అలా చూస్తుంటే రెండో వరసలో ఒకదాంట్లో మందు మిగతావాటి కంటే పైకి ఉంది.

కుర్చీలో కూర్చుండిపోయాను. పక్క గదిలో అతను రేడియోలో వాతావరణం వింటున్నాడు. మొత్తం పది తొడుగులూ వంచి, మందు వెనక్కి పోసి, మొదటి నుంచీ తూచాను. చేస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఇతను చస్తే నా చేతుల్లో చస్తాడు, ఎవరికీ తెలియదు, రిసిమాటికి తప్ప.

*

జూలై మూడో మంగళవారం. నేను మాంసం గదిలో ఉన్నాను. బండి బయల్దేరిన చప్పుడు వినబడింది. వంటింట్లోకి వచ్చేసరికి గోడ మీద తుపాకీ లేదు, మేకుకి నడుముపట్టీ లేదు. బల్ల మీద చీటీ ఉంది. *వెసెల్ పిలిచాడు. వాళ్ళ అతిథి దున్నని గాయపరిచాడు. రిసిమాటిని తీసుకెళ్తున్నా.*

వెసెల్ పక్క పొలం కుర్రాడు, ఇరవయ్యారేళ్ళు, వేట లైసెన్సు వచ్చి రెండేళ్ళు. గాయపడ్డ దున్న తన జాడ చుట్టూ తిరిగొచ్చి తుప్పల్లో కాచుకుని ఉంటుంది. దాన్ని ఆపేది అసలు తూటాయే. శనివారం ఆ పట్టీలో నా చేత్తో పెట్టినవి పదీ ఇంకా తేలికవే. వాటిలో మందు అసలుదానిలో ముప్పావు వంతుకి కూడా రాలేదు.

అర్థమయ్యాక పొలాల వాళ్ళం మాట్లాడుకునే రేడియో దగ్గరికి పరిగెత్తాను.

ఆ రేడియో చుట్టుపక్కల పదకొండు పొలాలకీ ఒకటే. ఎవరు మాట్లాడినా పదకొండు వంటిళ్ళలో వినబడుతుంది. నేను చెప్పాల్సింది నాలుగు ముక్కలు. మీట మీద బొటనవేలు పెట్టాను. నొక్కలేదు.

ఆ ఆగిన సేపు గురించే ఇదంతా చెప్తున్నానేమో. పొయ్యి మీద పాలు అంచు దాకా పొంగి, చుట్టూ కారి, మంటని చుయ్యిమనిపించాయి. అంతసేపు ఆగాను. ఒకపక్క ఇద్దరు మనుషుల ప్రాణాలు. ఇంకోపక్క పదకొండు వంటిళ్ళలో ఒక మనిషి పరువు. అవి రెండూ తూచేవి కావని ఎవరైనా చెప్తారు. నేను తూచాను. నాకు తెలిసిన పని అదే.

నొక్కాను.

"లౌరెన్స్. లౌరెన్స్. హెస్టర్ని. నీ పట్టీలో ఉన్నవి తేలిక తూటాలు. నేనే చేశాను. తుప్పల్లోకి దిగకు. బీరువా తాళం ఎవరి చేతైనా పంపు, అసలువి నేను తెచ్చిస్తాను. విన్నావా?"

గరగర. పదకొండు వంటిళ్ళు ఊపిరి బిగబట్టడం విన్నాననిపించింది.

"విన్నాను హెస్టర్." నడుస్తూ చేతి రేడియోలో మాట్లాడుతున్నాడు, కాళ్ళ కింద ఎండుటాకులు వినబడుతున్నాయి. "నా దగ్గరున్నవి పసుపు డబ్బావే. నీ దూదివి కొట్టుగదిలో, పిండిడబ్బా వెనక. కాఫీ పెట్టు, వచ్చేస్తాం."

ఆ మాట ముగియక ముందే రీకీ దూరింది. నదికి అవతలి పొలం ఆవిడ, రేడియో దగ్గరే పుట్టినట్టుంటుంది.

"దూదేంటే హెస్టర్? దిళ్ళు కుడుతున్నావా? నాక్కూడా రెండు కుట్టిపెట్టు."

"వెసెల్ని మామా," అని ఇంకో గొంతు, చిన్నగా. "రేడియో కట్టెయ్యండి. రక్తం కనబడుతోంది."

పిండిడబ్బా వెనక చెయ్యి పెట్టాను. పది తూటాలు, పాత మేజోడులో మూటగట్టి ఉన్నాయి.

*

రెండింటికి వచ్చారు. ముందు రిసిమాటి దిగాడు. మోచేతి మీద ముళ్ళ గీతలు తప్ప ఏమీ లేవు.

"దున్న తొమ్మిది అడుగుల దూరంలో పడిందమ్మా," అన్నాడు. "నా అడుగులు. పెద్దాయన అడుగులైతే ఏడే."

"నువ్వేం చేశావు?"

"చెట్టు కోసం చూశాను. ఉంది. చిన్నది. మా ఇద్దరికీ చాలదని నిలబడ్డాను." గిన్నెలో మొక్కజొన్న ముద్దా పులుసూ పెట్టించుకుని వెళ్ళి ఎండలో కూర్చున్నాడు.

లౌరెన్స్ బల్ల దగ్గర కూర్చుని రెండు ఖాళీ ఇత్తడి తొడుగులు నా ముందు పెట్టాడు. కాఫీ పోశాను. చల్లారిపోయింది.

"మొదటిది కిందికి పోయింది," అన్నాడు. "ముందుకాలు విరిగింది. అది ఆగలేదు."

నేను కప్పు అతని వైపు జరిపాను.

"కళ్ళు మూశాను హెస్టర్. ఇరవై అడుగుల దూరంలో దున్న తలొంచి వస్తుంటే, తుపాకీ తన్నుతుందని భయపడ్డాను. దున్న పొడుస్తుందని కాదు."

ఆ ఇంట్లో ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి.

"మరి రెండోది?"

"రెండోదానికి భయపడే టైము లేదు."

తొడుగుల్లో ఒకదాన్ని వేలితో దొర్లించాడు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?" అన్నాను.

"మొదటి శనివారం నుంచీ. అదిరే చెయ్యి గుండ్లని చెల్లాచెదురు చేస్తుంది. అవి పదీ ఒక్కచోట పడ్డాయి, నాలుగు వేళ్ళు కింద. పైగా రిసిమాటి కాలికి ముల్లు గుచ్చుకోవడం ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా చూశావా?"

"మరి ఈ పసుపు డబ్బావి…"

"ఆదివారం మార్చుకునేవాణ్ణి. శుక్రవారం నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు మళ్ళీ నీవి పెట్టేసేవాణ్ణి. ఏ రోజు ఎవరు పిలుస్తారో తెలియదు కదా."

రెండు నెలలు. నేను అతనికి తెలియకుండా పెట్టాను, అతను నాకు తెలియకుండా తీశాడు. ఆ ఇంట్లో ఇద్దరం చప్పుడు కాకుండా మేజోళ్ళతో నడిచినట్టు నడిచాం.

"చెప్పొచ్చుగా," అన్నాను.

"నువ్వూ చెప్పలేదుగా."

"తెలిస్తే భుజం నమ్మదనుకున్నాను."

"భుజానికి తెలియదు. తెలిసింది నాకు. దానికి నేను చెప్పలేదు." మొదటిసారి కొంచెం నవ్వాడు. "శనివారాలు బాగుండేవి పిల్లా. ఒక అరగంట ఏ భయమూ లేకుండా కాల్చేవాణ్ణి. అందుకే ఆపమనలేదు. కానీ అసలుది చేతిలోకి వచ్చేసరికి…" భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. "దీనికి అన్నీ తెలుసు."

నేను అతని చేతిని తప్పుపట్టిన మాట గురించి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఈ రోజుకీ అడగలేదు.

"జర్మన్ ఆయన్ని వెసెల్‌కి అప్పజెప్పాను," అన్నాడు లేస్తూ. "కుర్రాడు రెండో తుపాకీగా నా పక్కనే ఉన్నాడు. కదల్లేదు. మంచి కుర్రాడు. ఇక దున్నలు నాకొద్దు. జింకలకి నీ దూదివి చాలు. ఈసారి మాత్రం తూటాల అడుగున ఎర్రరంగు పెట్టు. అందరికీ కనబడనీ."

"క్లబ్బులో?"

"దున్నకి జలుబు చెయ్యదంటారు. అననీ. జోకు నాదేగా."

పడుకుంటానని గదిలోకి వెళ్ళాడు. నేను గిన్నెలు కడిగాను, పొయ్యి మీద కాలిన పాలు గీకాను. రిసిమాటి ఎండలో కూర్చున్నచోటే నిద్రపోయాడు, టోపీ మొహం మీద పెట్టుకుని. ఎర్రరంగు ఎక్కడుందో వెతికాను. గేటుకి వేసిన రంగు డబ్బా అడుగున కొంచెం మిగిలింది.

మూడున్నరకి గదిలోకి వెళ్తే, లౌరెన్స్ మంచం మీద నేను పడుకునే వైపు పడుకుని ఉన్నాడు, నా దిండు మీద. అది అప్పటికి దిండు కాదు, మడతపెట్టిన గుడ్డ. మెడ కిందికి వాలిపోయి నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. అతని దిండు నిండుగా, ముప్పై ఏళ్ళ కిందట మా అమ్మ కుట్టినట్టే, అతను పడుకునే వైపు ఖాళీగా ఉంది. గలీబు మార్చి ఉంది.

చెప్పులు విడిచి దాని మీద తల పెట్టాను. మరీ ఎత్తుగా ఉంది. అలవాటు తప్పిపోయింది. చాలాసేపు నిద్ర పట్టలేదు.